పాత రైఫిళ్ల నకళ్లకు మెత్తటి తూటాలు: 45-70 రీలోడింగ్ చర్చ

గోదారి_గురి (టెక్సాస్):
అందరికీ నమస్కారం. 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్‌కి, అంటే వెనక మూత పైకి తెరిచి తూటా పెట్టే అమెరికా సైన్యపు పాత రైఫిల్‌కి, ఇటలీలో పెడెర్సోలి కంపెనీ చేసే నకలు కొన్నాను. కార్బైన్ (పొట్టి గొట్టం) మోడల్, 45-70 తూటా. తుపాకీ బ్రహ్మాండంగా ఉంది కానీ కొట్టుడు (కాల్చినప్పుడు భుజం మీద పడే దెబ్బ) మామూలుగా లేదు. మామూలు 405 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) బుల్లెట్ ఉన్న ఫ్యాక్టరీ తూటాలకే ఒక పెట్టె అయ్యేసరికి భుజం పట్టేస్తోంది. మొన్న రేంజ్‌లో పక్కాయన ఇంకో పెట్టె ఇవ్వబోయాడు. దాని మీద "ట్రాప్‌డోర్ రైఫిళ్లలో వాడొద్దు" అని రాసుంది, వద్దన్నాను. నాకు వేటతో పని లేదు. 100 గజాల దూరంలో కాగితానికి చిల్లు పడితే చాలు. అందుకే రీలోడింగ్, అంటే కాల్చిన కేసుల్లో (తూటా ఇత్తడి డొప్పల్లో) మళ్లీ తుపాకీ మందు, బుల్లెట్ నింపడం, నేర్చుకుందామని సింగిల్ స్టేజ్ ప్రెస్ (తూటాలు చేసే చేతి యంత్రం), స్కేల్ కొన్నాను. నా ప్రశ్న ఒక్కటే: మాన్యువల్లో (ఏ తూటాకి ఎంత మందో చెప్పే పుస్తకంలో) గరిష్ఠంగా ఇచ్చిన మందులో సగం వేసుకుంటే మెత్తటి తూటా, అంటే కొట్టుడు తక్కువున్నది, అయిపోతుందా? ఎన్ని గ్రెయిన్లు వేయాలో ఎవరైనా చెప్తే బాగుంటుంది.

డాలస్_బాబాయ్:
స్వాగతం తమ్ముడూ. ముందు ఇక్కడి పద్ధతి చెప్తా. మందు ఎన్ని గ్రెయిన్లు వేయాలో ఈ వేదికలో ఎవరూ రాయరు. ఒక అంకె తప్పు టైపు అయితే అవతలివాడి కన్ను పోతుంది. అంకెలు మాన్యువల్లోనే చూసుకోవాలి, అది కూడా నీ బుల్లెట్ బరువుకి, నీ పౌడర్‌కి సరిగ్గా ఉన్న వరుసలో.

సగం లెక్కకి మాత్రం సమాధానం "కాదు". 45-70కి మాన్యువళ్లలో సాధారణంగా మూడు విభాగాలుంటాయి. మొదటిది ట్రాప్‌డోర్, రెండోది మార్లిన్ 1895 లాంటి లీవర్ రైఫిళ్లు, మూడోది రూగర్ నంబర్ 1 లాంటి గట్టి సింగిల్ షాట్లు. తూటా కొలతలు ఒకటే, మూడూ మూడిట్లోనూ దూరతాయి. ప్రమాదం అక్కడే ఉంది. అమెరికాలో ఈ తూటాకి ప్రామాణిక గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 28,000 పౌండ్లు. అది పెట్టిందే పాత ట్రాప్‌డోర్లను దృష్టిలో పెట్టుకుని. మూడో విభాగంలోని లోడుని (మందు కొలతని) సగం చేసుకోవడం కాదు, మొదటి విభాగం తెరిచి అందులో ప్రారంభ లోడు చూసుకో. నీకు కావలసిన మెత్తదనం అందులోనే దొరుకుతుంది.

గోదారి_గురి:
థాంక్స్ బాబాయ్. నాది కొత్తగా చేసిన తుపాకీ కదా, స్టీలు కూడా కొత్తదే. పాతదాని పరిమితి దీనికెందుకు?

డాలస్_బాబాయ్:
స్టీలు కొత్తదే, డిజైన్ మాత్రం ఆనాటిదే. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో ఎర్‌స్కిన్ ఆలిన్ దీన్ని మొదట చేసింది అంతర్యుద్ధంలో మిగిలిపోయిన మూతి నుంచి కూరే తుపాకులను మార్చడానికి. గొట్టం వెనక భాగం కోసి, పైకి తెరుచుకునే మూత బిగించారు. ముందు కీలు, వెనక బొటనవేలితో తిప్పే గొళ్లెం. కాల్చినప్పుడు వెనక్కి తన్నే బలాన్నంతా ఆ మూత, ఆ గొళ్లెం ఆపాలి. మౌజర్ బోల్టు రైఫిల్‌లాగా రెండు గట్టి లగ్గులు (పట్టు పళ్లు) రిసీవర్‌లో (తుపాకీ వెనక చట్రంలో) కూర్చునే ఏర్పాటు దీనికి లేదు. అసలు మందు 70 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల మందు), బుల్లెట్ 405 గ్రెయిన్లు, వేగం సెకనుకి సుమారు 1350 అడుగులు. గుర్రం మీదివాళ్ల కార్బైన్‌కి ఆ సైన్యమే మందుని 55 గ్రెయిన్లకి తగ్గించింది. అప్పటి సిపాయిలకీ భుజాలు నొప్పెట్టాయి మరి! కాబట్టి నువ్వు అడుగుతున్నది కొత్త కోరిక ఏమీ కాదు.

సీసం_చేయి (ఒహాయో):
బాబాయ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కొత్తవాళ్లు "తక్కువ మందు అంటే తక్కువ ప్రమాదం" అనుకుంటారు. పొగలేని మందు (ఈ కాలపు స్మోక్‌లెస్ పౌడర్) విషయంలో అది నిజం కాదు. 45-70 కేసు బ్లాక్ పౌడర్ కోసం పుట్టింది, లోపల చోటు చాలా ఎక్కువ. యూనిక్ లాంటి వేగంగా మండే మందుతో మెత్తటి లోడు వేస్తే కేసు అడుగున కొంచెమే ఉంటుంది. అదే కేసులో పొరపాటున రెండోసారి పోసినా పొంగదు, బయటికి తెలియదు. మూత ఎగిరిపోయేది అలాంటి తూటాకే.

నిదానంగా మండే మందుని మాన్యువల్ కనీసం కంటే తగ్గించడం ఇంకో రకం ప్రమాదం. సగం ఖాళీ కేసులో అది సరిగ్గా అంటుకోక, ఉన్నట్టుండి పీడనం ఎగబాకిన సంఘటనలు ఉన్నాయి. ఎందుకు అలా జరుగుతుందో నిపుణుల మధ్య వాదన నడుస్తూనే ఉంది, మనకి ఆ వాదనతో పని లేదు. కనీసం అని రాసినదాని కిందికి దిగొద్దు.

గోదారి_గురి:
మరి 60 శాతం రూల్ అని ఒకటి విన్నాను?

సీసం_చేయి:
అది ఒక్క హెచ్ 4895 అనే మందుకే. తయారుచేసే హాడ్జ్‌డన్ కంపెనీవాళ్లే చెప్పారు, ఆ తూటాకి తాము ఇచ్చిన గరిష్ఠంలో కనీసం 60 శాతం ఉండేలా తగ్గించుకోవచ్చని. పిల్లలకి, కొత్తవాళ్లకి తేలికగా ఉండాలని. పక్క డబ్బాలోని మందుకి ఆ రూలు పట్టుకెళ్లకూడదు. నీకైతే ఆ గరిష్ఠం కూడా ట్రాప్‌డోర్ విభాగంలోదే అయి ఉండాలి.

మెల్‌బోర్న్_మామ:
ట్రెయిల్ బాస్ అనే మందు ఉంటే ఈ తలనొప్పంతా లేదు. చిన్న చిన్న గారెల్లా మధ్యలో చిల్లుతో ఉంటుంది, ఉబ్బుగా కేసు నింపుతుంది, రెండుసార్లు పోస్తే పొర్లిపోయి కనిపిస్తుంది. ఇలాంటి పెద్ద పాత కేసుల కోసమే చేశారు. మా దగ్గర న్యూ సౌత్ వేల్స్‌లోని మల్వాలా ఫ్యాక్టరీలో తయారయ్యేది. ఒక్కటే షరతు, బుల్లెట్ అడుగుతో దాన్ని నొక్కకూడదు.

డాలస్_బాబాయ్:
మామా, ఊరిస్తున్నావు. ఇక్కడ కొన్నేళ్లుగా షెల్ఫుల్లో లేదు. ఎవరైనా పాత డబ్బా అమ్మితే ధర చూసి గుండె ఆగుతుంది. అందుకే తమ్ముడికి దాని మీద ఆశ పెట్టడం లేదు.

నెల్లూరు_నెరజాణ (అరిజోనా):
ఖాళీ చోటు సమస్యకి మా క్లబ్‌లో కొందరు డాక్రాన్ దూది చిన్న తునక మందు మీద పెడతారు. మందు ప్రైమర్ (కేసు అడుగున మందుని అంటించే బిళ్ల) దగ్గరే ఉండి వేగాలు ఒకేలా వస్తాయి. నా క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద తేడా స్పష్టంగా కనిపించింది.

సీసం_చేయి:
అక్కా, దీని మీద మనకి ఎప్పుడూ పడదు. ఆ ఫిల్లర్ (ఖాళీ నింపే దూది) గాలి ఖాళీలో గట్టి బిరడాలా ముందుకి కదిలి, బుల్లెట్ అడుగుని కొట్టిన చోట ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఉబ్బి ఉంగరంలా గీత పడిన రైఫిళ్లు నేను చూశాను. అందమైన పాత షార్ప్స్ రైఫిల్ ఒకటి అలాగే పాడైంది.

నెల్లూరు_నెరజాణ:
అది బిరడాలా గట్టి వాడ్‌ని (అట్ట లేదా ఫెల్టు బిళ్లని) మందు మీద పెట్టి, పైన ఖాళీ వదిలినప్పుడు జరిగేది. వదులుగా, మొత్తం చోటు నింపేలా పెట్టేది వేరు.

సీసం_చేయి:
ఆ తేడా నీకు తెలుసు, నాకు తెలుసు. మొదటి ప్రెస్ కొన్నవాడికి తెలియదు. మాన్యువల్లో ఆ లోడుకి ఫిల్లర్ అని రాసి ఉంటేనే పెట్టాలి, లేకపోతే వద్దు. ఫిల్లర్ కలిపితే పీడనం కూడా మారుతుంది. ఫిల్లర్ లేకుండా కొలిచిన అంకెని ఫిల్లర్‌తో వాడితే అది ఇక మాన్యువల్ లోడు కాదు.

నెల్లూరు_నెరజాణ:
సరే, ఇందులో ఒప్పుకుంటా. ఫిల్లర్ లేకపోతే కాల్చే ముందు మూతి ఒకసారి పైకెత్తి, మెల్లగా కిందికి దించి గురి చూడండి. మందు వెనక్కి జారి ప్రైమర్ దగ్గర చేరుతుంది. రేంజ్ నియమాలు ఒప్పుకుంటేనే, మూతి ఎప్పుడూ టార్గెట్ గట్టు దాటకుండా.

పొగ_పెద్దాయన (మిస్సోరి):
ఇంత చర్చ జరిగింది, ఈ తుపాకీ ఏ మందు కోసం పుట్టిందో దాన్ని ఎవరూ తలవలేదు. బ్లాక్ పౌడర్ వేసుకో నాయనా. కేసు నిండుతుంది, గాలి చోటు ఉండనే ఉండకూడదు, బుల్లెట్ కూర్చోబెట్టేటప్పుడు మందు కొంచెం నొక్కుకోవాలి. రెండుసార్లు పోయడం అసాధ్యం. కొట్టుడు కూడా ఒక్కసారి చెంపదెబ్బలా కాకుండా నెట్టినట్టు ఉంటుంది. కార్బైన్ లోడు కావాలంటే మందు తగ్గించి, మిగిలిన చోటు వాడ్లతో పూర్తిగా నింపాలి.

కొన్ని పట్టింపులున్నాయి. మామూలు ప్లాస్టిక్ హాపర్‌లో (మందు కొలిచే పరికరం డబ్బాలో) పోయకు, బ్లాక్ పౌడర్ కోసం చేసిన ఇత్తడి కొలత వాడు. బుల్లెట్‌కి రాసే గ్రీజు పెట్రోలియంది వద్దు, గొట్టంలో తారులా గట్టిపడుతుంది. తేనెమైనం, జంతు కొవ్వు కలిపినది వాడు. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు బరువుతో కాదు, పరిమాణంతో కొలవాలి. పొగలేని మందుని మాత్రం ఎప్పుడూ బ్లాక్ పౌడర్ గరిటెతో కొలవకు. ఈ ఒక్క మాట గోడ మీద రాసుకో.

గోదారి_గురి:
పెద్దాయనా, శుభ్రం చేయడం గురించి భయపెడుతున్నారు అందరూ.

పొగ_పెద్దాయన:
భయమేం లేదు. కాల్చాక మిగిలే ఉప్పులు గాలిలో తేమ పీల్చుకుంటాయి, తుప్పు అక్కడ మొదలవుతుంది. అదే రోజు వేడి నీళ్లు, కొంచెం సబ్బు, తుడిచి ఆరబెట్టి నూనె. కేసుల్ని రేంజ్‌లోనే సబ్బునీళ్ల సీసాలో పడేసి ఇంటికి తెచ్చుకో. హ్యూస్టన్ వైపు ఉక్కపోతలో రేపు చేద్దాంలే అంటే మాత్రం కుదరదు.

సైడ్‌కిక్_సత్యం (కాలిఫోర్నియా):
మధ్యలో దూరుతున్నా. నాది ట్రాప్‌డోర్ కాదు, యూబర్టీ వాళ్ల 1873 వించెస్టర్ నకలు, 45 కోల్ట్. కౌబాయ్ పోటీలకి కొన్నాను. మెత్తగా ఉండాలని మాన్యువల్ కనీస లోడే వేశాను. ఖాళీ కేసు ఒక పక్కంతా మసి, ముఖం మీదికి కూడా కొంచెం గాలి వచ్చింది. కనీసం వేసినా ప్రమాదమా?

డాలస్_బాబాయ్:
ప్రమాదం కాదు కానీ పీడనం చాలక వచ్చిన మసి అది. కాల్చినప్పుడు కేసు గోడ ఉబ్బి ఛాంబర్‌కి అతుక్కుంటే వాయువు వెనక్కి రాదు. 45 కోల్ట్ ఇత్తడి మందం, నిటారు కేసు, తేలిక బుల్లెట్‌తో కనీస లోడు వేస్తే సరిగ్గా ఉబ్బదు. అదే 44-40 అయితే మెడ పల్చన, చక్కగా అతుక్కుంటుంది. అసలు 1873 వించెస్టర్ వచ్చింది 44-40తోనే. మాన్యువల్ పరిమితి లోపలే కొంచెం పైకి వెళ్లు, లేదా బరువైన బుల్లెట్‌కి ఇచ్చిన లోడు చూడు, మసి తగ్గుతుంది. అద్దాలు పెట్టుకోకుండా ఎప్పుడూ కాల్చకు.

ఇంకోటి. ఆ 1873 వించెస్టర్‌లో టాగిల్ కీలు (మోకాలిలా మడిచే కీలు) ఉంటుంది, అది బలమైన లాక్ కాదు. యూబర్టీ దాన్ని 357 మాగ్నమ్‌లో కూడా అమ్ముతోంది కదా అని వేడి (పీడనం ఎక్కువున్న) లోడ్లు వేయడం నాకు నచ్చదు. 357 ప్రామాణిక పరిమితి 35,000 పౌండ్లు, 45 కోల్ట్‌ది 14,000. పోటీల్లో చాలామంది 357 రైఫిల్లో 38 స్పెషల్ వేసి కాలుస్తారు. కౌబాయ్ పోటీల సంఘం నియమం ప్రకారం రైఫిల్ బుల్లెట్ వేగం సెకనుకి 1400 అడుగులు దాటకూడదు, బుల్లెట్ సీసందే ఉండాలి. ఆ పరిమితిలో ఉంటే తుపాకీ మీ మనవల దాకా ఉంటుంది.

సీసం_చేయి:
సత్యం గారూ, తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలిచే ట్యూబ్ మ్యాగజైన్ కాబట్టి బుల్లెట్ ముక్కు చదునుగా ఉండాలి. మొనదేలిన బుల్లెట్ ముందున్న తూటా ప్రైమర్‌కి ఆని నిలబడుతుంది, కుదుపుకి పేలొచ్చు. ప్రైమర్ కేసు అడుగు మట్టం కంటే కొంచెం లోపలికి కూర్చుందో లేదో ప్రతి తూటాకీ వేలితో తడిమి చూడండి. క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీద నొక్కే బిగింపు) గట్టిగా లేకపోతే స్ప్రింగ్ ఒత్తిడికి బుల్లెట్ కేసులోకి దిగిపోతుంది.

కొత్తమీసం (వర్జీనియా):
అన్నా, నేను హెచ్-1బీ మీద ఉన్నా. తుపాకీ కొనను, రీలోడింగ్ సామాన్లు మాత్రం కొని నేర్చుకుందామనుకుంటున్నా. ఇబ్బంది ఉందా?

డాలస్_బాబాయ్:
ఆగు తమ్ముడూ. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లే వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఆ నిషేధం లేదు. ఆ చట్టం దృష్టిలో తూటా అంటే కేసు, ప్రైమర్, బుల్లెట్, మందు కూడా, అందుకే "సామాన్లే కదా" అనే ధీమా వద్దు. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఒక్క డబ్బా కూడా కొనకు. తర్వాత నేర్చుకున్నా, నీ కోసం చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, వ్యాపారంగా అమ్మాలంటే కావాలి. రాష్ట్రాల నియమాలు వేరే చూసుకోవాలి.

పాతబస్తీ_వకీలు (హైదరాబాద్):
ఇక్కడి వాళ్లు కూడా ఈ చర్చ చదువుతున్నారు కాబట్టి చెప్తున్నా. భారతదేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తూటా తయారీకి వేరే లైసెన్స్ కావాలి. మీ చేతిలో తుపాకీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు చేసుకోవడానికి అనుమతి వచ్చినట్టు కాదు. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. అమెరికాలో ఉన్న బావమరిది పంపిన వీడియో చూసి ప్రయోగాలు చేయకండి.

నల్గొండ_నరసన్న:
మా దిక్కు బర్మారు (మూతిల మందు కూరే నాటు తుపాకి) అంటే అందరికీ ఎరుకే. సాయుధ పోరాటం నాటి ముసలోళ్లు చెప్పేటోళ్లు, మందు, గుండు మూతిల కూరి గజంతో దట్టించాలె అని. మందు ఎక్కువైతే గొట్టం చీలి పట్టినోడి చెయ్యే పోయేదట. ఇప్పుడు మీ మాటలు ఇంటుంటే మందు తక్కువైనా ప్రమాదమే అని తెలుస్తుంది. తక్కువైతే ఏమైతది, గుండు బయటికి రాదా?

సీసం_చేయి:
సరిగ్గా అదే నరసన్నా. బుల్లెట్ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. పోయిన ఎండాకాలం మా రేంజ్‌లో ఒకాయన తుపాకీ నుంచి "టుస్" మని చిన్న శబ్దం వచ్చింది. ఆయన లీవర్ లాగి రెండోది ఎక్కించబోతుంటే రేంజ్ అధికారి పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. రాడ్ పెట్టి చూస్తే బుల్లెట్ గొట్టం సగంలోనే ఉంది. ఆ కేసులో మందే లేదు, ప్రైమర్ ఒక్కటే నెట్టింది. రెండోది పేలి ఉంటే గొట్టం అక్కడ ఉబ్బేది లేదా చీలేది.

శబ్దం, కొట్టుడు తేడాగా అనిపిస్తే ఆపేయాలి. అసలు పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగి అప్పుడు తెరవాలి, ఆలస్యంగా అంటుకునే తూటాలుంటాయి. మెత్తటి లోడ్లు వేసేవాళ్లు శబ్దాన్ని మరీ జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే వాళ్ల మామూలు శబ్దమే చిన్నది.

గోదారి_గురి:
అయితే రెండుసార్లు పోయకుండా, అసలు పోయకుండా వదిలేయకుండా బల్ల దగ్గర మీరంతా ఎలా చేస్తారు?

నెల్లూరు_నెరజాణ:
నా పద్ధతి ఇది. బల్ల మీద ఒకే మందు డబ్బా, మిగతావి బీరువాలో. ప్రైమర్ పెట్టిన కేసులన్నీ లోడింగ్ బ్లాక్‌లో తలకిందులుగా ఉంటాయి. మందు పోసిన కేసే నిటారుగా పక్క బ్లాక్‌లోకి వెళ్తుంది. అన్నీ అయ్యాక టార్చి వేసి వరుసగా లోపలికి చూస్తాను, ఒకదానిలో మట్టం తేడాగా ఉన్నా ఖాళీ చేసి మళ్లీ తూస్తాను. ఆ చూపు అయ్యేదాకా ఒక్క బుల్లెట్ కూడా కూర్చోబెట్టను. ఫోన్ వేరే గదిలో ఉంటుంది. మా ఆయన పిలిస్తే చేతిలో కేసు ఖాళీ చేసి వెళ్తాను, తిరిగి వచ్చాక దాన్ని మొదటి నుంచి మొదలుపెడతాను. స్కేల్‌ని తూకం రాళ్లతో ప్రతిసారీ సరిచూస్తాను. డిజిటల్ స్కేల్ ఫ్యాన్ గాలికి కూడా ఊగుతుంది.

మందుని అసలు డబ్బాలోంచి వేరే సీసాలోకి మార్చకండి. పేరు లేని పొడి దొరికితే ఏదో ఊహించి వాడకండి, పారేయండి.

సీసం_చేయి:
బుల్లెట్ గురించి ఎవరూ చెప్పలేదు. ట్రాప్‌డోర్‌కి రాగి కవచం వద్దు, మెత్తటి సీసం చాలు, 20 పాళ్ల సీసానికి 1 పాలు తగరం మంచి కలయిక. ముందు గొట్టంలో మెత్తటి సీసపు ముక్క నెట్టి అసలు వ్యాసం కొలువు. బుల్లెట్ దానికంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి. చిన్నదైతే పక్కనుంచి వాయువు జారి సీసం గొట్టానికి పూసుకుపోతుంది, గురి ఎక్కడో పడుతుంది. "మెత్తటి లోడు అక్యురేట్ కాదు" అనే ఫిర్యాదుల్లో చాలావరకు మందు తప్పు కాదు, బుల్లెట్ సైజు తప్పు. సీసం పోత పోస్తే బయట గాలిలో పోయి, తర్వాత చేతులు కడిగే ఏదైనా తిను. వంటగదిలో మాత్రం వద్దు.

గోదారి_గురి:
గొట్టం కొలిచాను, 0.459 అంగుళాలు వచ్చింది. గొట్టం మీద నక్షత్రం కింద పీఎన్ అని ముద్ర కూడా కనిపించింది.

పొగ_పెద్దాయన:
ఇటలీ ప్రూఫ్ హౌస్‌వాళ్లు బ్లాక్ పౌడర్‌కి పరీక్షించి కొట్టే ముద్ర అది. చూశావా, తుపాకీయే చెప్తోంది. పొగలేని మందు వేస్తావా లేదా అన్నది ఇక తయారీదారు పుస్తకం చూసి నిర్ణయించుకో. అందులో అనుమతి లేకపోతే ఈ చర్చలో సగం నీకు అక్కర్లేదు.

గోదారి_గురి:
పుస్తకం చూసి, అర్థం కానిది కంపెనీకి మెయిల్ పెట్టి అడిగాకే మొదలుపెడతాను. ఈలోపు 0.460 సైజింగ్ డై (బుల్లెట్‌ని ఆ వ్యాసానికి తెచ్చే అచ్చు), ఇత్తడి కొలత, తేనెమైనం ఆర్డర్ పెట్టేశాను. పెద్దాయనా, వాడ్లు కార్డ్‌బోర్డువి కొనాలా, ఫెల్టువా?

పొగ_పెద్దాయన:
మందు మీద పల్చటి కార్డు వాడ్ ఒకటి. కార్బైన్ లోడులో మిగిలే చోటుకి ఫెల్టు. రెండూ 45 సైజే అడుగు, 44వి వదులుగా ఉంటాయి.